ఆసు మిషన్‌లో చివరి మేకుల దగ్గర పోగు వదులవుతోంది, కారణం ఏమిటి?

పోచంపల్లి పట్టుకు ఆసు పోసే (కట్లు కట్టి రంగు వేసే ముందు పోగును మేకుల మీద చుట్టే) మిషన్ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. అర్ధచంద్రాకారపు చట్రంలో చివరి 10–15 మేకుల దగ్గర పోగు వదులుగా పడుతోంది. వేలితో నొక్కితే మధ్యలో కన్నా అక్కడ బాగా దిగుతోంది. ఆ పోగులకు కట్లు కట్టి రంగులో ముంచితే కట్టు కిందికి రంగు పాకుతోంది, నేతలో డిజైను అంచు చెదురుతోంది. కండె మార్చి చూశాం, వేగం తగ్గించాం, బిగింపు స్ప్రింగు సరిచేశాం. మేకులు వంగాయా, పోగు నడిపే చేయి అరిగిందా? ఏది ముందు కొలవాలి?

మళ్లీ చేత్తో పోయమనకండి. చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించి ఆడవాళ్ల భుజాలు పోయాయి. అది ఇంటి పని కింద లెక్కేసి వదిలేశారు కాబట్టే, 1999లో చింతకింది మల్లేశం గారు తల్లి నొప్పి చూడలేక మిషన్ చేసేదాకా ఆగాల్సి వచ్చింది.