చికిత్స వదిలి ప్రజారోగ్యంలోకి వెళ్ళడం సరైన నిర్ణయమేనా?

ప్రశ్న

ప్రసూతి, స్త్రీ వైద్య విభాగంలో పీజీ పూర్తిచేసి మూడేళ్ళయింది. రోజూ కాన్పులు, సిజేరియన్లు చేస్తూనే ఉన్నాను. అయితే అధిక రక్తస్రావంతో ఆలస్యంగా వచ్చిన ఒక తల్లిని కాపాడలేకపోయిన నాటి నుంచి, నా పని ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలయ్యేసరికే జరగవలసినదంతా జరిగిపోతోందన్న ఆలోచన వదలడం లేదు. ప్రజారోగ్యంలో పీజీ చేయాలని ఉంది. కష్టపడి నేర్చుకున్న శస్త్రచికిత్సకు దూరమై, నివేదికల మధ్య మిగిలిపోతానేమోనన్న భయమూ ఉంది. ఈ దారిలో నడిచినవారు సలహా ఇవ్వగలరా?

మొదటి జవాబు

డాక్టర్ గారూ, మీరు ఆలస్యం అన్నదాన్ని పరిశోధకులు సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ 1994లో మూడుగా విడదీసి చూపారు: వైద్యం కోసం బయలుదేరాలన్న నిర్ణయంలో జాప్యం, ఆసుపత్రికి చేరడంలో జాప్యం, చేరాక తగిన చికిత్స అందడంలో జాప్యం. మూడోది మన ఇంట్లోదే కనుక దాని గురించి మాట్లాడటానికి మనమే వెనకాడతాం.

నేను తొలిసారి మాతృమరణ సమీక్షలో కూర్చున్నప్పుడు, కేసు షీటులో కాన్పు కాగానే, గర్భాశయం బిగుసుకుని రక్తస్రావం తగ్గడానికి వాడే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు ఇచ్చినట్టు స్పష్టంగా రాసి ఉంది. ఇచ్చారు కూడా. గర్భాశయం మాత్రం బిగుసుకోలేదు. ఆ కేంద్రానికి వెళ్ళి చూస్తే, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచవలసిన ఆ మందు ఆంప్యూల్స్ ఎండ పడే కిటికీ పక్కన ట్రేలో ఉన్నాయి. ఫ్రిజ్ ఉంది, కానీ అది టీకాలకు మాత్రమేనని అక్కడివారు అనుకున్నారట. ఆ మరణానికి అదొక్కటే కారణమని అనలేను. కానీ మాతో వచ్చిన గణాంక నిపుణుడి కంటికి ఆ ట్రే ఆనలేదు. కాన్పులు చేసిన చేయి కనుక నాకు ఆనింది. మీ శస్త్రచికిత్స అనుభవం వృథా పోతుందని భయపడకండి, అక్కడ అక్కరకొచ్చేది అదే.

రెండో జవాబు

ఈ సందర్భంలో అలన్ రోజెన్‌ఫీల్డ్ జీవితం చదవదగినది. ఆయనా ప్రసూతి వైద్యుడే. 1960ల చివర థాయ్‌లాండ్ వెళ్ళినప్పుడు, గర్భనిరోధక మాత్రలు రాసే అధికారం వైద్యులకే ఉండేది; పల్లెల్లో వైద్యులే అరుదు. ఒక చిన్న ప్రశ్నల పట్టీ సాయంతో సహాయక మంత్రసానులే మాత్రలు ఇవ్వవచ్చని అక్కడ ప్రయోగపూర్వకంగా చూపించి, దాన్ని దేశమంతటికీ విస్తరింపజేయడంలో ఆయన పాత్ర ఉంది. తర్వాత 1985లో, పైన చెప్పిన డెబొరా మెయిన్‌తో కలిసి, తల్లీబిడ్డల ఆరోగ్య కార్యక్రమాల్లో తల్లి ఎక్కడుందని వైద్య పత్రిక లాన్సెట్‌లో నిలదీశారు. ఒక వైద్యుడు తన చేతిలోని అధికారాన్ని మరొకరి చేతిలో పెట్టడం నాకు శస్త్రచికిత్స కంటే కష్టమైన పనిగా తోస్తుంది.

మూడో జవాబు

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. ప్రజారోగ్యంలో ఫలితం కంటికి కనబడదు. బతికిన తల్లి వచ్చి మీకు దండం పెట్టదు. మాతృమరణాల నిష్పత్తిని లక్ష సజీవ జననాలకు లెక్కిస్తారు కనుక, ఒక చిన్న ప్రాంతంలో ఏడాదికి ఒకటి రెండు మరణాలు తగ్గినా పెరిగినా అది మీ కృషా, యాదృచ్ఛికమా అన్నది తేల్చలేరు. అందుకే చావు అంచుదాకా వెళ్ళి బతికిన కేసులను కూడా సమీక్షించాలి. ఇక ఎపిడెమియాలజీని, అంటే జనంలో జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కలతో తేల్చే శాస్త్రాన్ని, మొక్కుబడిగా కాక శ్రద్ధగా చదవండి. వీలైతే వారానికి ఒక రోజైనా కాన్పుల గదిలో ఉండేలా ఒప్పందం చేసుకోండి. నేను పూర్తిగా మానేశాను, అయిదేళ్ళ తర్వాత తిరిగి మొదలుపెట్టబోతే చేయి వణికింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి జవాబు చదివి ఈ రోజు మా కాన్పుల గదిలో ఆక్సిటోసిన్ ఎక్కడ పెడుతున్నారో వెళ్ళి చూశాను. ఫ్రిజ్‌లోనే ఉంది, కానీ ఉష్ణోగ్రత రాసే కాగితంలో గత పన్నెండు రోజుల గడులు ఖాళీగా ఉన్నాయి.