మండపానికి చైనా లైట్లు పెడితే తప్పా? చవితి లోపు తేల్చాలె

భద్రకాళి బండ్:
మా కాలనీ (హన్మకొండనే, పేరెందుకు) గణేష్ కమిటీల లెక్కలు చూసేటోన్ని నేను. ఈ యేడు (2025) చవితి ఆగస్టు 27 నాడు, వారం గూడ లేదు. నిన్న మీటింగుల చైనా సీరియల్ లైట్లు ఒక్క మీటరు గూడ కట్టొద్దని కొందరు పట్టువట్టిన్రు. ఆ మాల్ అయితే 5,600 ల అయిపోతది, మన దేశంది అంటే 12 వేలు చెప్తున్నరు. చందా పైసలు నా ఇంట్లయి గావు గద. దేశం పేరు చూసి వస్తువు కొనకపోవుడు ధర్మమేనా లేక ఉత్త షోకా? తిట్టుకోకుండ చెప్పున్రి.

కాజీపేట జంక్షన్:
ఇందుల అడిగేదేమున్నది అన్నా. 2020 జూన్ 15 నాడు లద్దాఖ్ గల్వాన్ల చైనావోళ్లతోటి కొట్లాటల మన సైనికులు 20 మంది పోయిన్రు. కర్నల్ సంతోష్ బాబు ఎవ్వలు, మన సూర్యాపేట ఆయిన. పాకిస్తాన్‌కు అందరికంటె ఎక్కువ ఆయుధాలు అమ్మేది ఎవ్వలు? అన్నీ తెల్సి గూడ 6 వేలు మిగుల్తయని దేవుని ముందర వాళ్ల లైట్లే ఎలిగిస్తమంటే ఇగ నేనేం చెప్పాలె.

లైట్ల సేటు:
తమ్మీ, నాది ఎలక్ట్రికల్ దుకాణం, 19 ఏండ్ల సంది. హైదరాబాద్ ట్రూప్ బజార్ నుంచి తెస్త. నువ్వనే "మన దేశం" డబ్బ విప్పి సూపియ్యమంటవా? డబ్బ మనది, వైరు మనది, జోడిచ్చింది మనోళ్లే. లోపట ఎల్ఈడీ చిప్పు మాత్రం చైనాకెల్లి వచ్చిందే. మరి నువ్వు బంద్ చేసేది డబ్బనా, బుగ్గనా?

కాజీపేట జంక్షన్:
దిగుమతి మాల్ మీద ఏ దేశంది అని రాయాలె, రూల్ ఉన్నది. నీ దుకాణంల డబ్బల మీద ఉన్నదా లేదా?

లైట్ల సేటు:
డబ్బకు డబ్బ బయటికెల్లి వస్తే రాసుంటది. లోపట చిప్పు మీద ఎవ్వడు రాస్తడు?

కాజీపేట జంక్షన్:
అంటే లేదన్నట్టే.

లైట్ల సేటు:
ఉన్నది అన్న గద!

హంటర్ రోడ్ అక్క:
ఇద్దరు ఏ ఫోన్ల కెల్లి టైప్ చేస్తున్నరో జర ఆ ముచ్చట గూడ చెప్పున్రి.

కాజీపేట జంక్షన్:
సామ్‌సంగ్ అక్కా. కొరియా కంపెనీ, నోయిడాల తయారైంది.

లైట్ల సేటు:
నోయిడాల జోడిస్తే నీ ఫోను దేశభక్తి, ఢిల్లీల జోడిస్తే నా లైటు దేశద్రోహం. మంచిగుంది లెక్క.

నర్సంపేట తేజ:
లైట్ల ముచ్చట పక్కకు పెట్టున్రి, నేను మూడెకరాలు తేజ మిర్చి ఏస్త. తేజకు ఘాటెక్కువ, నూనె తీయనీకి చైనా వాళ్లు బాగ కొంటరు. అక్కడ ఆర్డర్లు తగ్గినయని తెల్వంగనె ఎనుమాముల మార్కెట్ల ఖరీదుదార్ల మొఖాలు మారుతయి, నిరుడు 20 వేలు సూసిన నేను ఈ యేడు క్వింటాల్ 13 వేలకు ఇచ్చి సప్పుడు చెయ్యకుండ ఇంటికొచ్చిన. ఇగ యూరియా. రామగుండంల అంత పెద్ద ఫ్యాక్టరీ పెట్టుకోని గూడ సొసైటీ ముందర పొద్దుగాల నాలుగింటికి చెప్పులు లైన్ల పెట్టి కూసుంటున్నం, చైనా ఎగుమతి బిగవట్టుడు గూడ అందుల ఒక కారణమేనట. మనం వాళ్ల మాల్ కొనుడు తప్పు అయితే వాళ్లు నా మిర్చి కొనుడు గూడ తప్పే గావాలె గద? అప్పుడు నాకు పైసలెవ్వలిస్తరు, మీ కమిటీ ఇస్తదా?

కాజీపేట జంక్షన్:
అమ్ముడు వేరు, కొనుడు వేరు. అమ్మితె పైసలు ఇటొస్తయి.

నర్సంపేట తేజ:
గంతేనా? వాళ్లు గూడ గట్లనే అనుకుంటే?

కాకతీయ కార్నర్:
కొనొద్దన్న లిస్టు సూడున్రి: 2020 జనవరిల మలేషియా పామాయిల్. జూన్ల చైనా. మొన్న మేల టర్కీ ఆపిల్. ఇప్పుడు ట్రంప్ మన మాల్ మీద 50 శాతం సుంకం అనంగనె కోక్ బంద్. ప్రధాని నెలాఖరుకు చైనా పోతుండు. నిమజ్జనం అయ్యేటాళ్లకు ఎవ్వడు దోస్తో ఎవ్వడు దుష్మనో సేటుకు ఎవరన్న ముందుగాల ఫోన్ చేసి చెప్పున్రి, మాల్ తెచ్చుకుంటడు పాపం.

రిటైర్డ్ సోషల్ సారు:
ఈ వాదన కొత్తది కాదు. 1921లో గాంధీగారు బొంబాయిలో విదేశీ బట్టలు కుప్పవేసి తగలబెట్టించారు. టాగూరు ఒప్పుకోలేదు, ఆ బట్టలు ఒంటిమీద గుడ్డలేని వాళ్లవి, కాల్చడానికి మనమెవరం అన్నారు. ఇద్దరూ దేశభక్తులే.

కొత్తవాడ మగ్గం:
సారూ బట్టల మాట ఎత్తిన్రు కాబట్టి చెప్తున్న. మా బాపు కొత్తవాడల జంపఖానలు నేస్తడు. 2018ల వరంగల్ జంపఖానకు జీఐ (ఈ ఊరి మాలే అనేటి సర్కారు గుర్తింపు) వచ్చింది, పేపర్ల ఫోటోలు పడ్డయి, మా గల్లీల స్వీట్లు పంచిన్రు. తెల్లారి మగ్గం అదే, కూలి అదే. మమ్ముల కొట్టింది చైనా గాదు. మా దానిలెక్కనే కనవడేటిది పానిపట్ల మిషన్ మీద చేసి సగం ధరకు పంపుతరు, ఈడ దుకాణపోళ్లు గదే అమ్ముతరు. పానిపట్ మన దేశమే గద? దాన్ని కొనొద్దని ఒక్కడన్న స్టేటస్ పెట్టిండా? దేశం దాటి వచ్చినదానికి ఒక న్యాయం, రాష్ట్రం దాటి వచ్చినదానికి ఒక న్యాయమా. మండపంల కింద పరిచేటిది ఏడిది, ముందుగాల గది చెప్పున్రి.

కాజీపేట జంక్షన్:
పానిపటోడు మన మీదికి తుపాకి పట్టుకోని రాలే. ఒకరికి మిర్చి రేటు, ఒకరికి దుకాణం, ఒకరికి మగ్గం. ఎవ్వని గల్లా వానిది. సచ్చినోళ్ల గురించి మాట్లాడేటోడే లేడు ఈడ.

నర్సంపేట తేజ:
మా పెదనాయిన కొడుకు బీఎస్ఎఫ్‌ల ఉన్నడు. నాకు నువ్వు నేర్పకు. ఊకనే సైనికులను అడ్డం పెట్టుకోని మాట్లాడితే ఎదుటోని నోరు మూతవడ్తదని తెల్సి చేస్తున్నవ్.

లైట్ల సేటు:
గల్లా అన్నవు గద, ఇను. 2020 జులైల ఏం జరిగిందో చెప్త. లాక్‌డౌన్ల దుకాణం మూసి, తెరిచి, చేబదులు తెచ్చి లక్షా 40 వేల మాల్ దించిన. పది మంది పోరగాళ్లు వచ్చి షటర్ ముందర నిలవడి నినాదాలు, నాతోనే నా డబ్బలు బయట ఏయించి తొక్కి వీడియో తీసిన్రు. తొక్కిన మాల్‌కు చైనావోనికి నేను ముందుగాల్నే పైసలు కట్టిన, వానికి రూపాయి నష్టం లేదు. నా పక్కకే పెద్ద షోరూం, లోపట గోడ మీదున్న సగం టీవీలు చైనా కంపెనీలయే. ఆ మెట్లు ఒక్కడు గూడ ఎక్కలే, ఎందుకంటే అక్కడ సెక్యూరిటీ ఉంటడు. కొనకపో తమ్మీ, నీ ఇష్టం, నేనేం అన. కని నీ కోపం చైనా దాక పోలేదు, నా గడప కాడ్నే ఆగింది.

హంటర్ రోడ్ అక్క:
ఇది మాత్రం తప్పు. చానా తప్పు.

భద్రకాళి బండ్:
అన్నా ఆ సంగతి నాకు తెల్వదు. మా కాలనోళ్లు గూడ ఉన్నరా అందుల?

లైట్ల సేటు:
ఉన్నరు. పేర్లు వద్దు.

కాజీపేట జంక్షన్:
నేను రాలే ఆ రోజు. వస్తుంటినేమో, ఆ కోపంల చెప్పలేను. మా బామ్మర్ది అప్పుడు లేహ్ దిక్కు డ్యూటీల ఉండె, పద్నాలుగు దినాలు ఫోన్ కలవలే. మా చెల్లె ఏడ్సుకుంట కూసుంటే నేనేం జేయాలె? బోర్డర్‌కు పోయి కొట్లాడేది లేదు. లైట్లు కొనకుంటే చైనా పడిపోతదని నేను గూడ అనుకుంటలేనన్నా, గంత ఎడ్డోన్ని గాదు. నా చేతులకెల్లి పోవద్దు, గంతే. సేటు, నీ మాల్ తొక్కుడు మాత్రం తప్పే.

లైట్ల సేటు:
ఈ మాట ఐదేండ్ల కింద ఎవ్వలన్న వచ్చి అంటే ఐపోతుండె.

కాకతీయ కార్నర్:
మరి నీ చేతులకెల్లి పోవద్దంటే తేడా గూడ నీ చేతులకెల్లే రావాలె గద. కాలనీ అందరి చందాలకెల్లి ఎందుకు?

కాజీపేట జంక్షన్:
ఇస్త. నాది వేరే కాలనీ, అయినా సరే, 6,400 నేనే పంపుత. డబ్బ మీద రాసింది చదివినంకనే తీసుకోవాలె కని.

లైట్ల సేటు:
చదువుకో. లోపట చిప్పు సంగతి అడగకు. జీఎస్టీ అలగ్.

భద్రకాళి బండ్:
కమిటీల పెట్టి చెప్త. ఒకరి కాడ ఇంత తీసుకుంటే రేపు లడ్డు వేలం కాడ లొల్లి అయితదేమో చూడాలె.

కొత్తవాడ మగ్గం:
నేనడిగినదానికి ఎవ్వలు జవాబియ్యలే. మండపంల కింద పరిచేటిది ఏడిది?

భద్రకాళి బండ్:
నిరుటిదే ఉన్నది అన్నా. ప్లాస్టిక్ పట్ట.