మారుతి 800 క్లచ్ పని: ఇంజిన్ సపోర్ట్ బీమ్ కాళ్లు ఎక్కడ ఆనించాలి?

పాత_ఎనిమిదివందలు:
1988 మారుతి 800, ఎస్‌బీ308 బాడీ, 4 గేర్ల బాక్సు. క్లచ్ ప్లేటు మార్చాలి. ఇంజిన్ బండిలోనే ఉంచి గేర్‌బాక్స్ ఒక్కటే దించుదామని ఉంది. లిఫ్ట్ లేదు, స్టాండ్లు నాలుగు, ట్రాలీ జాకీ ఒకటి ఉన్నాయి. గేర్‌బాక్స్ దిగాక ఇంజిన్‌ని పట్టి ఉంచడానికి, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ కింద చెక్క పెట్టి జాకీ ఎత్తితే చాలని మెకానిక్ అంటున్నాడు. లేదంటే బీమ్ (బానెట్ కింద అడ్డంగా పెట్టి, ఇంజిన్‌ని హుక్‌తో వేలాడదీసే కడ్డీ) కొనాలా, వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా? ఫెండర్ మీద ఆనిస్తే రేకు సొట్ట పడదా?

కార్బ్_సెట్టింగ్:
చాంబర్ కింద జాకీ వద్దండి. అది పల్చటి రేకు. అడుగు లోపలికి నొక్కుకుందంటే ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డొస్తుంది, ప్రెషర్ పడిపోతుంది. బయట చూస్తే చిన్న సొట్టే! పైగా జాకీ నేల మీద, బాడీ స్టాండ్ల మీద ఉంటాయి. బాడీ కాస్త కదిలినా మౌంటింగ్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) రంధ్రాలు తప్పుకుంటాయి. బీమ్ బాడీ మీదే కూర్చుంటుంది కాబట్టి రెండూ కలిసే కదులుతాయి. ఉన్న ఒక్క జాకీ గేర్‌బాక్స్‌కి ఎలాగూ కావాలి.

కాళ్లు ఫెండర్ పైన పెట్టకూడదు. బానెట్ ఎత్తితే ఫెండర్‌ని లోపలి ఏప్రన్‌కి (ఇంజిన్ పక్కనుండే లోపలి రేకుకి) పట్టి ఉంచే బోల్టుల వరుస కనిపిస్తుంది. ఆ గాడిలో పెట్టాలి, స్ట్రట్ టవర్‌కి (ముందు సస్పెన్షన్ పై చివర బిగించే గట్టి భాగానికి) ఎంత దగ్గరైతే అంత మంచిది. కాలి కింద ఓ జానెడు చెక్క, దాని కింద పాత ట్యూబు ముక్క. ముందు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. బ్యాటరీ ఉన్న వైపు యాసిడ్ కారి రేకు తినేసి ఉంటే, పైన పెయింటు బాగానే కనిపిస్తుంది, లోపల పొట్టు.

వెల్డింగ్_రాడ్:
చేయించుకోవచ్చు. 50×50 మి.మీ. చదరపు ట్యూబు, 3 మి.మీ. మందం. 1.2 మీటర్ల దూరంలో ఆనించి మధ్యలో 100 కిలోలు వేలాడదీసినా వంగేది సుమారు 1 మి.మీ. గుండ్రటి పైపు వద్దు, హుక్ బిగించేటప్పుడు దొర్లుతుంది. కొనేవాళ్లు కనీస పొడవు చూసుకోండి. ఈ బండి మొత్తం వెడల్పే 1440 మి.మీ., గాడి నుంచి గాడికి ఇంకా తక్కువ. పెద్ద కార్ల బీమ్ కాళ్లు అంత దగ్గరికి రాకపోవచ్చు.

హుక్‌కి ఎం12 (12 మి.మీ. మందం) మర రాడ్, పైన మందపాటి వాషరు, నట్టుకి గ్రీజు. ఒక చుట్టుకి 1.75 మి.మీ. దిగుతుంది, 20 చుట్లంటే 35 మి.మీ.

పాత_ఎనిమిదివందలు:
హెడ్ (ఇంజిన్ పై భాగం) మీద లిఫ్టింగ్ కొక్కెం లేదు, ఎవరో పీకేశారు. టప్పెట్ కవర్ బోల్టుకి తగిలించొచ్చా?

కార్బ్_సెట్టింగ్:
అసలొద్దు. ఇన్‌టేక్ మానిఫోల్డు, ఆల్టర్నేటర్ బ్రాకెట్ కూడా వద్దు. హెడ్‌కి గేర్‌బాక్స్ వైపు ఖాళీగా ఉన్న మర రంధ్రం వెతకండి, మందపాటి పట్టీ వేసి 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టు బిగించండి. హెడ్ అల్యూమినియం కాబట్టి మర లోపలికి బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు దిగాలి: ఎం8 అయితే 12 మి.మీ., ఎం10 అయితే 15.

ఎడమ మౌంటింగ్ గేర్‌బాక్స్‌కే ఉంటుంది. అది విప్పాక ఇంజిన్ ఎడమ చివర మొత్తం మీ హుక్ మీదే. కుడి మౌంటింగ్ ముట్టుకోవద్దు. వెనకది విప్పితే ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, హుక్‌కి తోడు బీమ్ నుంచి ఒక గొలుసు కూడా వేయండి. బోల్టు విప్పే ముందు హుక్ బిగువెక్కాలి, ఇంజిన్ పైకి లేవకూడదు. బోల్టు చేత్తో తిరిగిందంటే బరువు బీమ్ మీదికి వచ్చినట్టే. కిందికి దించేముందు సైలెన్సర్ ముందు పైపు, ఎర్త్ వైరు, చోక్ కేబుల్, రేడియేటర్ హోసులు చూసుకోండి.

గేర్‌బాక్స్ బరువు మాత్రం జాకీ మీదే ఉండాలి. ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ ప్లేటు మధ్యలోకి దూరే గేర్‌బాక్స్ కడ్డీ) మీద వేలాడితే కొత్త ప్లేటు హబ్ వంకరపోవచ్చు, తర్వాత క్లచ్ పూర్తిగా వదలదు.

వెల్డింగ్_రాడ్:
ఎక్కించేటప్పుడు ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య సందు ఉంటే బోల్టులతో లాగొద్దు, గేర్‌బాక్స్‌కి బోల్టు దూరే చెవి విరుగుతుంది. బీమ్ నట్టు అర చుట్టు అటో ఇటో తిప్పితే దానంతటదే కూర్చుంటుంది. అప్పటికీ కూర్చోకపోతే క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోలేదని (సెంటర్ కాలేదని) లెక్క.