ఆర్‌డీ 350 కుడి సైలెన్సర్‌లో మాత్రమే పొగ: సీలా, ఆయిల్ పంపా?

నాన్నగారి 1986 రాజ్‌దూత్ ఆర్‌డీ 350 బైక్‌ని వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే ఉంచి చూసుకుంటున్నాను. పక్కనే ఆయన హీరో హోండా సీడీ 100 కూడా ఉంది. అది ఫోర్ స్ట్రోక్, పడుకున్నట్టుండే ఒక్క సిలిండర్. ఆయిల్ మార్చి, ట్యాపెట్లు సరిచూస్తే చాలు, ఏ మెకానిక్ అయినా పట్టుకుంటాడు. టెన్షనంతా ఆర్‌డీతోనే. పక్కపక్కన రెండు టూ స్ట్రోక్ సిలిండర్లు. కార్బురేటర్, పాయింట్లు, కాయిల్ దేనికది వేరు.

నెల రోజులుగా కుడి సైలెన్సర్ నుంచి మాత్రం దట్టంగా తెల్ల పొగ. ఎడమ ప్లగ్ చక్కగా టీ రంగులో పొడిగా ఉంది. కుడిది నల్లగా, వేలికి జిడ్డు అంటుకునేలా తడిగా వస్తోంది. కైలాసగిరి ఎక్కేటప్పుడు ఆ సిలిండర్ ఫైరింగ్ మానేస్తోంది. ప్లగ్గులు అటూ ఇటూ మార్చినా పొగ కుడివైపే.

క్లచ్ కుడి పక్కనే కాబట్టి క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్ట్ చివర ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయి గేర్ ఆయిల్ లోపలికి లాగుతోందని నా అనుమానం. గేర్ ఆయిల్ మట్టం తగ్గినట్టే ఉంది, కానీ కచ్చితంగా కొలవలేదు. మెకానిక్ మాత్రం ఆటోల్యూబ్ (ఇంజిన్‌లోకి ఆయిల్ పంపే పంపు) చెక్ వాల్వ్ కారుతోందంటున్నాడు, అంటే బండి ఆగి ఉన్నప్పుడూ ఆయిల్ లోపలికి దిగుతోందని. అలాగైతే రాత్రంతా నిలిపి స్టార్ట్ చేసినప్పుడే పొగ ఎక్కువుండాలి కదా? మా బండి వేడెక్కాక కూడా వదలట్లేదు.

ఇంజిన్ విప్పకుండా ఈ రెండింటిలో ఏదో తేల్చుకునే పద్ధతి ఉందా? కుడి సీలు క్లచ్ తీస్తే బయటినుంచే మారుతుందా, క్రాంక్‌కేసు విడదీయాల్సిందేనా? వైజాగ్‌లో టూ స్ట్రోక్ ట్విన్ విప్పి బిగించిన అనుభవమున్న వాళ్లెవరైనా తెలిస్తే దయచేసి చెప్పండి. నాన్నగారు రోజూ వచ్చి బండి పక్కన నిలబడి చూసి వెళ్తున్నారు.