స్నూకర్ ఆటగాడు మార్క్ విలియమ్స్ మ్యాచ్‌ల్లో ముందు ఏవి చూడాలి? (ఎడమచేతి వాటం వాళ్లకి)

ఇందిరానగర్ ఎడమచెయ్యి: బెంగళూరు క్లబ్బుల్లో నాలాంటి ఎడమచేతి వాటం వాళ్లని మార్క్ విలియమ్స్ ఆట చూడమంటారు. 1992 నుంచీ ప్రొఫెషనల్ కదా, ఎక్కడ మొదలెట్టాలి? లాంగ్ పాట్‌లో (దూరంగా ఉన్న బంతిని పాకెట్‌లో వేసేటప్పుడు) తెల్లబంతి పక్కకి పోతోంది, అదీ చెప్పండి.

బ్లాక్‌స్పాట్: 2000 ప్రపంచ ఫైనల్. తోటి వేల్స్ ఆటగాడు మాథ్యూ స్టీవెన్స్ చేతిలో 7–13తో వెనకబడి, 18–16తో గెలిచాడు. ఎడమచేతి వాటం వాళ్లకి అదే తొలి ప్రపంచ టైటిల్. 2002–03 సీజన్లో యూకే ఛాంపియన్‌షిప్, మాస్టర్స్, ప్రపంచ టైటిల్ మూడూ ఆయనవే. ఆ తర్వాత మళ్లీ ప్రపంచ టైటిల్‌కి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఫైనల్లో జాన్ హిగ్గిన్స్ మీద 14–7 ఆధిక్యం 15–15 అయిపోయింది; చివరికి 18–16. (గెలిచాక బట్టల్లేకుండా ప్రెస్‌మీట్ పెట్టిన మహానుభావుడు!)

చాక్‌పొడి: తెల్లబంతి సంగతి. నీలం బంతి దాని స్పాట్ (టేబుల్ మధ్య గుర్తు) మీదే ఉంచి, మూల పాకెట్‌కి తిన్నగా వచ్చేలా తెల్లబంతి పెట్టండి. స్టన్ (తెల్లబంతి ముందుకీ వెనక్కీ దొర్లకుండా వెళ్లి తగిలే దెబ్బ) కొడితే తెల్లబంతి అక్కడికక్కడే ఆగాలి. ఆగిన చోటే బొంగరంలా తిరిగిందంటే తెలియకుండా సైడ్ (బంతి పక్కన కొడితే వచ్చే స్పిన్) తగిలినట్టే. మీకు కుడిచెయ్యి బ్రిడ్జి (క్యూ కర్ర ఆనడానికి టేబుల్ మీద పెట్టే చెయ్యి). అది కదలకూడదు, క్యూ గడ్డానికి ఆనాలి, కొట్టాక కూడా తల లేపొద్దు. వానాకాలం ఇక్కడ క్లాత్ తేమ పట్టి బంతి బరువుగా నడుస్తుంది, ఆ నెపం మాత్రం స్ట్రోక్ మీద వేసుకోకండి.

బ్లాక్‌స్పాట్: 2025 ఫైనల్ కూడా చూడండి. ఝావో షిన్‌టాంగ్ చేతిలో 12–18తో ఓడాడు, అదీ 50 ఏళ్ల వయసులో.