నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మార్పులు: మూడు ఓఎస్‌లకూ ఒకే ఈవెంట్ ఎలా ఇవ్వాలి?

అనంతపురంలో షాపుల బిల్లింగ్ మిషన్ల కోసం రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లైబ్రరీ రాస్తున్నాం. కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, వెంటనే ఎవరో ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెడతారు. ఆ మార్పు (ఏ ఇంటర్‌ఫేస్, అంటే ఏ నెట్ కనెక్షన్ పోయింది, ఏది వచ్చింది) ప్రోగ్రామ్‌కు తెలియాలి.

లినక్స్‌లో నెట్‌లింక్ సాకెట్ (కెర్నల్ ఈ మార్పుల్ని మెసేజ్‌లుగా పంపే దారి) వింటున్నాం. బఫర్ నిండితే 'ఈనోబఫ్స్' ఎర్రర్ వస్తుంది, అంటే కొన్ని మెసేజ్‌లు పోయినట్టే. అందుకే ఇంటర్‌ఫేస్‌ల మొత్తం లిస్టు మళ్లీ అడుగుతున్నాం. ఫోన్ తీసి పెడితే ఇంటర్‌ఫేస్ ఇండెక్స్ (ఓఎస్ దానికిచ్చే నంబరు) కూడా మారుతోంది. మ్యాక్‌లో ఇదే పనికి ఎస్‌సీ డైనమిక్ స్టోర్ వాడుతున్నాం, పేచీ లేదు.

తలనొప్పంతా విండోస్‌దే. ఐపీ అడ్రసు మారితే చెప్పే నోటిఫై యూనికాస్ట్ ఐపీ అడ్రస్ చేంజ్ కాల్‌బ్యాక్ (మార్పు రాగానే ఓఎస్ పిలిచే మన ఫంక్షన్) వేరే థ్రెడ్‌లో వస్తుంది. చేతికిచ్చే రో (వివరాల రికార్డు)లో అడ్రసు, ఇండెక్స్ లాంటివే ఉంటాయి, మిగతావి మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. ఇక ఈ నోటిఫికేషన్లు ఆపేద్దామని ఆ కాల్‌బ్యాక్‌లోంచే క్యాన్సిల్ పిలిస్తే డెడ్‌లాక్, అంటే ఒకదాని కోసం ఒకటి ఆగి అంతా బిగుసుకుపోతుంది. కొత్త అడ్రసు ఇంకా 'టెంటేటివ్'లో (వేరెవరూ వాడట్లేదని ఖాయం కాని దశలో) ఉండగానే సాకెట్‌ను దానికి బైండ్ చేస్తే ఫెయిల్.

ఇప్పుడు 500 మిల్లీసెకన్లు ఆగి, పాత లిస్టుతో కొత్తది పోల్చి తేడా పంపుతున్నాం. కేబుల్ 200 మిల్లీసెకన్లలో ఊడి మళ్లీ తగులుకుంటే తేడా సున్నా, కనెక్షన్లు మాత్రం తెగి ఉండొచ్చు. ఇంటర్‌ఫేస్‌కో కౌంటర్ పెట్టి, మార్పు వచ్చిన ప్రతిసారీ పెంచుకుంటూ పోవాలా, లేక వచ్చిన ఈవెంట్లను ముడిగానే లైబ్రరీ వాడేవాళ్లకు వదిలేయాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.