ఓవర్‌ఫిటింగ్‌ను ‘ఆవు వ్యాసం’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. ‘ఆవు వ్యాసం’ అనే మాట మీద చర్చ పెడుతున్నాను. నేను డిగ్రీ పిల్లలకు మెషిన్ లెర్నింగ్ (ఉదాహరణలు చూపించి యంత్రానికి నేర్పడం) చెప్తాను, చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళే. ఓవర్‌ఫిటింగ్ (యంత్రం తనకు చూపించిన ఉదాహరణలనే అచ్చంగా పట్టేసుకుని, కొత్తవాటి దగ్గర తప్పడం) దగ్గరికొచ్చేసరికి ప్రతి ఏడూ ఇబ్బందే. బోర్డు మీద డేటాకి గుర్తుగా చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ తాకుతూ వంకర్లు తిరిగే గీత ఒకటి గీస్తే బుద్ధిగా నోట్సులోకి దించుకుంటారు, మర్నాడు అడిగితే ఒక్కరూ నోరు విప్పరు.

ఈసారి గీత జోలికి పోకుండా మనందరం చిన్నప్పుడు విన్న ఆ కుర్రాడి సంగతి చెప్పాను. వాడికి ఆవు వ్యాసం ఒక్కటే వచ్చు. పరీక్షలో కొబ్బరి చెట్టు గురించి రాయమన్నారు. ‘కొబ్బరి చెట్టు పొడవుగా ఉండును. దానికి ఆవును కట్టెదరు. ఆవు సాధు జంతువు. ఆవుకు నాలుగు కాళ్ళు ఉండును’ అంటూ పేజీ నింపేశాడు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, ‘మరి పరీక్షలో ఆవే వస్తే వాడికే ఫస్టు మార్కు కదా మేడమ్?’ అంది.

నేను చెప్పాల్సిన పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. నేర్చుకున్న డేటా మీద నూటికి నూరు, కొత్తది ఇస్తే బోల్తా. అందుకే కొంత డేటాను యంత్రానికి చూపించకుండా దాచి, చివర్లో దాంతో పరీక్ష పెడతాం. ‘ప్రశ్నపత్రం లీక్ అవకుండా’ అని ఆ పోలిక కూడా పిల్లలే అందించారు.

తప్పు ఎక్కడుందో పట్టుకున్నవాడికే నవ్వొస్తుంది, అందుకే పాఠంలో జోకుకి అంత విలువ ఇస్తాను. ఓవర్‌ఫిటింగ్‌కి తెలుగు పేరంటూ సంస్కృత సమాసం ఒకటి కట్టి ఇస్తే దాన్ని విప్పడానికి మళ్ళీ ఇంకో క్లాసు కావాలి. మీరేమంటారు?

వ్యాఖ్య: కథ బాగుంది మేడమ్, పేరుగా మాత్రం కుదరదేమో. మా వైపు ఎవరైనా అడిగింది వదిలేసి తనకు తెలిసిన సంగతికి లాక్కెళ్తే ‘ఆవు వ్యాసం మొదలెట్టాడు’ అంటాం. అది తెలిసి చేసే పని. యంత్రానికి అంత గడుసుతనం ఎక్కడిది? మనకు ‘బట్టీ’ ఉండనే ఉంది. మోడల్ (డేటా చూసి నేర్చుకున్న ప్రోగ్రాం) బట్టీ పట్టింది అంటే చాలదా?

నా జవాబు: చాలు సర్, ఒప్పుకుంటున్నాను. పేరుకు బట్టీ, వివరించడానికి ఆవు వ్యాసం. కుర్రాడికి తెలుసు, యంత్రానికి తెలియదు అన్న తేడా పిల్లలకు తప్పకుండా చెప్పాలి, లేకపోతే యంత్రానికి లేని బుద్ధిని ఆ జోకే అంటగడుతుంది. చాట్‌బాట్ అసలు లేని పుస్తకాల పేర్లు చెప్పినప్పుడు ‘కోతలు కోస్తోంది’ అనేవాళ్ళతో నా పేచీ కూడా అదే. కోతలు కోసేవాడికి తను కోస్తున్నట్టు తెలుసు. చాట్‌బాట్ ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది, అంతే.

వ్యాఖ్య: ఆవంటే గుర్తొచ్చింది. 2018లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, పచ్చిక మీద నిలబడ్డ ఆవును చక్కగా గుర్తుపట్టే ప్రోగ్రాం సముద్రపు ఒడ్డున నిలబడ్డ ఆవును పోల్చుకోలేకపోతోందని చూపించారు. అదే ఏడు జనెల్ షేన్ అనే ఆవిడ పచ్చటి కొండల ఫోటోలు ఇచ్చి చూస్తే, ఒక్క గొర్రె లేకపోయినా ప్రోగ్రాం గొర్రెలున్నాయంది. ఇదీ బట్టీయేనా?

నా జవాబు: కాదండీ, ఇది వేరే జబ్బు. బట్టీ పట్టినవాడు చూసినవాటి దగ్గరే ఆగిపోతాడు. ఈ ప్రోగ్రాం కొత్త ఫోటోల్లో ఆవుల్ని కూడా పట్టుకుంటుంది, అవి గడ్డిలో ఉన్నంతవరకు. నేర్చుకునేటప్పుడు చూసిన ఆవులు ఎక్కువగా పచ్చిక మీదే ఉండేసరికి గడ్డిని కూడా ఆవు గుర్తుల్లో కలిపేసుకుంది. పైనున్న మబ్బును ఆనవాలు పెట్టుకుని దాని కింద సొమ్ము పాతిపెట్టి, మర్నాడొచ్చి మబ్బు కోసం వెతికినవాడి కథ మా అమ్మమ్మ చెప్పేది. ఆ రోజుకి ఆ గుర్తు సరిగ్గానే ఉంది మరి! దీన్ని ‘మబ్బు గుర్తు’ అంటే ఎలా ఉంటుంది? నాకైతే బట్టీ కంటే ఈ మాటే ఎక్కువ నచ్చుతోంది, ఎందుకంటే ఇది వినగానే కథ అడుగుతారు, కథ చెప్తే విషయం వచ్చేస్తుంది.

వ్యాఖ్య: మబ్బు గుర్తు చాలా బాగుందక్కా. మా ఊరు సముద్రం ఒడ్డునే, పొద్దువాలేసరికి ఆవులన్నీ ఇసుకలోకొచ్చి పడుకుంటాయి. క్లాసుకి ఫోటోలు పంపనా?

నా జవాబు: పంపు తమ్ముడూ, ఓ పది పంపు. గడ్డిలో మేస్తున్నవి కూడా కొన్ని తియ్యి. అన్నీ ఇసుకవే అయితే ఈసారి ఇసుకే మబ్బవుతుంది.